"వయసు కదా" అన్న మాట దగ్గరే అన్నీ ఆగిపోతున్నాయి. నలభైలు దాటుతున్నవాళ్లు, దాటినవాళ్లు చెప్పండి

వెన్నెలగూడు:

అందరికీ నమస్కారం. నా వయసు నలభై ఎనిమిది. చాలాకాలంగా నెలసరి లెక్క తప్పింది. ఒకసారి మూడు వారాలకే వస్తుంది, ఇంకోసారి రెండు నెలలైనా జాడ ఉండదు. రాత్రి నిద్ర మధ్యలో ఒళ్లంతా సెగ పుట్టినట్టై లేస్తాను. కాసేపటికి చెమట పట్టి చల్లబడుతుంది, ఇక తెల్లవారేదాకా కన్ను మూతపడదు. పగలు ఆఫీసులో మాట్లాడుతూ మాట్లాడుతూ, రోజూ వాడే మాటే గుర్తుకు రాక ఆగిపోతున్నాను. ఎదుటివాళ్లు ఆ మాట అందించేదాకా అలా నిలబడి ఉండటం ఎంత బాధో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

వీటన్నిటికంటే నన్ను కుంగదీస్తున్నది వేరే ఉంది. ఎవరికి చెప్పుకున్నా ఒకటే జవాబు: "వయసు కదా, అంతే." ఇంట్లో అదే, స్నేహితుల దగ్గర అదే, చూపించుకున్న డాక్టరు దగ్గరా అదే. ఆ మాట అబద్ధమని అనను. కానీ ఆ మాట అన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు. ఎదిగే పిల్లకు ఒళ్లు మారుతుంటే ఇంటిల్లిపాదీ కనిపెట్టుకుని ఉంటారు. కడుపుతో ఉన్నామంటే నెలనెలా పరీక్షలు చేస్తారు. ఈ మార్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సర్దుకుపొమ్మంటారు. ఎందుకు?

ఇందులో దేన్ని వయసు ఖాతాలో వేయాలి, దేనికి వైద్యం ఉంది? మీరెలా గట్టెక్కారు? ఓదార్పు కంటే అనుభవం కావాలి నాకు. మొహమాటపడకుండా రాయండి.

తూరుపుగాలి:

వెన్నెలగూడు గారూ, నాకు యాభై ఏడు. ఆ దారి దాటి వచ్చినదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

నలభై ఆరో ఏట నాకు నెలసరి విపరీతంగా అయ్యేది. గడ్డలు గడ్డలుగా పడేది, గంట గంటకూ ప్యాడ్ మార్చుకోవాల్సి వచ్చేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. దువ్వెన నిండా జుట్టు. ఎప్పుడూ పడుకోవాలనిపించే నీరసం. "ముట్లుడిగే ముందు అలాగే ఉంటుందిలే" అన్నారు పెద్దవాళ్లు. కొందరికి నిజంగానే అలా ఉంటుంది. నా గర్భసంచిలో మాత్రం ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని గడ్డ, ఉంది. హిమోగ్లోబిన్ ఏడుకు దిగిపోయాక గానీ ఎవరూ స్కానింగు రాయలేదు. దానికి చికిత్స జరిగి, సెలైన్‌తో పాటు ఐరన్ ఎక్కించాక మెట్ల దగ్గర ఆయాసం పోయింది, మతిమరుపు కూడా చాలావరకు తగ్గింది. వయసని సరిపెట్టుకుని మోసిన బరువులో సగం వయసుది కానే కాదు.

మిగతా సగం వయసుదే. కుడి భుజం పట్టేసింది. చెయ్యి వెనక్కి తిప్పి జడ వేసుకోలేకపోయేదాన్ని. నిద్రలో అటు ఒత్తిగిలితే ప్రాణం విలవిల్లాడేది. నలభై నుంచి అరవై లోపు వాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో ఇది ఎక్కువని ఫిజియోథెరపిస్టు చెప్పింది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకించడం నేర్పింది. చెయ్యి ఎంతవరకు వెళ్లిందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకునేదాన్ని. మొదటి గీత భుజం ఎత్తులో, చాలాకాలం తర్వాత చెవి ఎత్తులో, ఆ పైన ఎప్పటికో తల దాటింది. అంటే వయసు వల్ల వచ్చినదానికైనా చేయాల్సిన పని ఉంది.

అందుకే ఎవరైనా "వయసు కదా" అంటే, "సరే, ఈ వయసులో దీనికి ఏం చేస్తారు?" అని అడుగుతాను. మీరూ అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.

ఉదయసంధ్య:

నేను స్త్రీల వైద్యంలో పనిచేస్తున్నాను. మనిషిని చూడకుండా ఎవరికీ ఏ జబ్బూ నిర్ధారించలేను. అయితే కొన్ని సంగతులు అందరికీ తెలిసి ఉండాలి, అవే రాస్తాను.

నెలసరి వరసగా 12 నెలలు రాకపోతే, అందుకు వేరే కారణం లేకపోతే, దాన్ని మెనోపాజ్ అంటాం. ఎక్కువ మందికి 45-55 ఏళ్ల మధ్య వస్తుంది. దానికి ముందు కొన్నేళ్లు నడిచే దశే వెన్నెలగూడు గారు చెబుతున్నది. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోను నెమ్మదిగా, క్రమంగా తగ్గుతూ పోతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. ఒక నెల మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది, మరో నెల అడుగంటుతుంది. ఈ ఎగుడుదిగుళ్లే మనిషిని ఎక్కువగా వేధిస్తాయి. హార్మోన్ల రక్తపరీక్ష ఒక్కసారి చేసి తేల్చలేమనడానికి కారణం కూడా ఇదే. ఈరోజు వచ్చిన అంకె వచ్చే నెల ఉండదు. 45 దాటినవాళ్లలో నెలసరి తీరు, లక్షణాలు వింటేనే చాలావరకు తెలిసిపోతుంది. వినడానికి ఓపిక కావాలి, అంతే.

ఇక ఆవిర్లు, అంటే ఒళ్లంతా ఒక్కసారిగా సెగ పుట్టే సంగతి. ఒంటి వేడిని అదుపు చేసే ఏర్పాటు మెదడులో హైపోథాలమస్ అనే చోట ఉంటుంది. ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు అక్కడి కొన్ని నాడీకణాలు అతిగా స్పందిస్తాయి. వేడి పిసరంత పెరిగినా ఒళ్లు కాలిపోతోందన్నట్టు చర్మంలోని రక్తనాళాలు విప్పారి, చెమట పట్టి, ఉన్న వేడిని బయటికి తోసేస్తాయి. అమెరికాలో 1990ల నుంచి కొన్ని వేల మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన స్వాన్ అనే అధ్యయనంలో, తరచూ ఆవిర్లు వచ్చేవారిలో సగం మందికి అవి 7.4 ఏళ్లకు పైగా కొనసాగాయి. "ఏడాది ఓర్చుకో, అదే పోతుంది" అనేవాళ్లకు ఈ సంగతి తెలియదు. అదే అధ్యయనంలో ఒక ఊరట కూడా ఉంది. ఈ దశలో కొత్త విషయాలు పట్టుకునే వేగం కాస్త మందగించి, దశ దాటాక మళ్లీ పుంజుకుంది. మాట తడబడటాన్ని చూసి మీ బుద్ధి క్షీణిస్తోందని భయపడకండి. నిద్ర లేకపోతే అది మరింత ఎక్కువవుతుంది.

థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్, షుగర్, బీపీ ఒకసారి చూపించుకోండి. వీటిలో తేడా వచ్చినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఇంకొక్కటి గట్టిగా చెబుతున్నాను. ఏడాది పాటు ఆగిపోయిన నెలసరి మళ్లీ చుక్క కనిపించినా వెంటనే వెళ్లి చూపించుకోవాలి. చాలాసార్లు పెద్ద ప్రమాదం ఉండదు. కానీ గర్భసంచి క్యాన్సర్ బయటపడేది ముందుగా ఆ గుర్తుతోనే, తొందరగా పట్టుకుంటే నయమవుతుంది కూడా.

చిగురాకు:

నాకు నలభై. రెండేళ్ల క్రితం ఆపరేషన్లో రెండు అండాశయాలూ తీసేశారు. మీకందరికీ ఏళ్ల తరబడి జరిగేది నాకు ఆసుపత్రి మంచం మీద ఒక్కసారిగా జరిగింది. ఇంటికి వచ్చిన వారంలోనే ఆవిర్లు మొదలయ్యాయి. నా ఈడువాళ్లకు చెబితే అర్థం కాదు, పెద్దవాళ్లు "నీకప్పుడేనా" అని జాలిగా చూస్తారు. ఎటూ చెందనిదాన్నైపోయాను. ఇక్కడ రాయవచ్చో లేదో తెలియకుండానే రాస్తున్నాను.

తూరుపుగాలి:

చిగురాకమ్మా, ఇది నీ చోటే. ఎన్నిసార్లయినా రాయి.

ఉదయసంధ్య:

చిగురాకు గారూ, మీ విషయంలో ఆలస్యం కూడదు. 45 కంటే ముందే ఈస్ట్రోజెన్ పోయినవాళ్లకు ఎముకలు త్వరగా గుల్లబారే ప్రమాదం, గుండెజబ్బుల ప్రమాదం ఎక్కువ. అందుకే వాడకూడని కారణమేదీ లేకపోతే, సహజంగా మెనోపాజ్ వచ్చే వయసు వరకు, అంటే దాదాపు 50-51 వరకు హార్మోన్ చికిత్స సూచిస్తారు. ఆపరేషన్ ఏ జబ్బు కోసం జరిగిందన్నదాన్ని బట్టి ఈ నిర్ణయం మారుతుంది. "నాకెందుకు ఇవ్వలేదు" అని మీ డాక్టరును సూటిగా అడగండి.

మెట్టదారి:

హార్మోన్లు అంటే క్యాన్సర్ వస్తుందంటారు కదా? మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నాకు యాభై రెండు, ఆవిర్లతో చచ్చిపోతున్నాను, అయినా ఆ మందుల జోలికి వెళ్లడానికి ధైర్యం చాలడం లేదు.

ఉదయసంధ్య:

ఆ భయానికి మూలం 2002లో ఉంది. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో జరిగిన పెద్ద పరిశోధనలో 16,608 మంది ఉన్న ఒక విభాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజెన్‌నూ, ప్రొజెస్టరాన్ హార్మోనులా పనిచేసే ప్రొజెస్టిన్ అనే మందునూ కలిపి వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరిగిందన్న వార్త ప్రపంచమంతా పాకింది. లక్షల మంది మందులు మానేశారు. అంకె ఎంతో మాత్రం ఎవరికీ చేరలేదు. ఏడాదికి 10,000 మందిలో 8 మందికి అదనంగా వచ్చింది. ఆ పరిశోధనలో చేరినవాళ్ల సగటు వయసు 63. అంటే చాలామందికి మెనోపాజ్ వచ్చి పదేళ్లు దాటిపోయింది. వాళ్లలో కనిపించిన ఫలితాన్ని యాభై ఏళ్ల మనిషికి యథాతథంగా అంటగట్టడం సరికాదని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. అరవై లోపువారికి, లేదా మెనోపాజ్ వచ్చి పదేళ్లు దాటనివారికి, వేరే జబ్బులు లేకుంటే లాభమే సాధారణంగా ఎక్కువని ఇప్పుడు వైద్యసంఘాలు చెబుతున్నాయి.

ముప్పు అసలు లేదని నేను అనను. గర్భసంచి ఉన్నవాళ్లు ఒక్క ఈస్ట్రోజెన్ మాత్రమే వాడకూడదు, ప్రొజెస్టరాన్ తోడు కావాలి. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకు మాత్ర కంటే చర్మం మీద అంటించే పట్టీ, రాసుకునే జెల్ వల్ల ముప్పు తక్కువ. తనకే రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు సాధారణంగా ఇవ్వం. పిన్నికి వచ్చినంత మాత్రాన మీకు దారి మూసుకుపోదు, కానీ కుటుంబ చరిత్ర మొత్తం చెప్పాలి. హార్మోన్లు వద్దనుకున్నా చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. ఆవిర్లకు హార్మోను కాని ఫెజోలినెటాంట్ అనే మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది, కాలేయ పరీక్షలు చేయిస్తూ వాడాలి. ఆవిర్ల బాధకు, నిద్రలేమికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మానసిక చికిత్స కూడా పనిచేస్తుంది.

ఒంటరినడక:

డాక్టరు గారు రాసిందంతా అవసరమే. నేనూ దాచుకుంటాను. కానీ చర్చ పూర్తిగా రక్తపరీక్షల వైపు వెళ్లిపోతోంది, అందుకే అడ్డం వస్తున్నాను.

నాకు యాభై ఒకటి. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. పిల్లలు కావాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా. అయినా నెలసరి ఆగి ఏడాది నిండిందని తెలిసిన రోజు స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను. వెళ్లాలనుకోని దారే అయినా, ఇక వెళ్లలేనని తెలిస్తే దుఃఖం వస్తుందని నాకెవరూ చెప్పలేదు. ఆ దుఃఖానికి మందు అడగను. దాన్ని దుఃఖమని ఒప్పుకుంటే చాలు.

ఇంకొకటి. మనుషుల చూపు మారిపోయింది. సమావేశంలో నేను చెప్పిన మాటే కాసేపాగి ఒక కుర్రాడు చెబితే అందరూ తలూపుతారు. కొత్త పని వచ్చినప్పుడు "మీకెందుకండీ శ్రమ" అని పక్కన పెడతారు. నా శ్రమ మీద అంత దయ నాకు జీతం పెంచాల్సినప్పుడు కనిపించలేదు. ఇందులో ఏ హార్మోనుకూ భాగం లేదు. ఆడదాని విలువను వయసుతో కొలిచే అలవాటు ఎదుటివాళ్లది. దాన్ని మన ఒంటి లోపంగా లెక్కేసుకోవద్దని నా మనవి.

అదే సమయంలో, రోడ్డు మీద ఒంటిని తడిమే చూపులు కూడా ఆగిపోయాయి. పన్నెండో ఏటి నుంచి మోస్తున్న ఆ జాగ్రత్త దిగిపోతే ఎంత తేలికగా ఉందో! ఈ రెండూ ఒకే మార్పులోంచి వచ్చాయి, రెండూ నిజమే.

పొద్దుతిరుగుడు:

ఒంటరినడక గారి చివరి మాటకు చేతులెత్తి మొక్కాలనిపించింది. నేనైతే ఈ ఏడు జుట్టుకు రంగు వేయడం మానేశాను. హాయిగా ఉంది.

మెట్టదారి:

నేను వేసుకుంటాను, మానను. అద్దంలో నాకు నచ్చినట్టు కనిపించడం నా ఇష్టం. తెల్లజుట్టు వదిలేస్తేనే ధైర్యం ఉన్నట్టు ఈ మధ్య మాట్లాడుతున్నారు, అదీ ఒక ఒత్తిడే.

పొద్దుతిరుగుడు:

ఒప్పుకుంటున్నాను, అక్కా. ఎవరి తల వాళ్లది.

నీడచెట్టు:

మగవాణ్ని, రాయవచ్చనే అనుకుంటున్నాను. నా భార్యకు యాభై. చిన్న విషయాలకే కోపం, వెంటనే కన్నీళ్లు. నేనేమన్నా తప్పైపోతోంది. మనస్ఫూర్తిగా అడుగుతున్నాను, నేనేం చేయాలి?

తూరుపుగాలి:

అడిగినందుకు సంతోషం. ఆవిడ కోపానికి హార్మోన్లే కారణమని ఎప్పుడూ ఆవిడతో అనకండి. హార్మోన్లు కోపాన్ని అణచుకునే ఓపికను తగ్గిస్తాయి. కోపానికి విషయం మాత్రం తరచుగా నిజమైనదే, చాలాసార్లు పాతదే. దేని మీద కోపం వచ్చిందో అడిగి, ఆ పని మీ చేతుల్లోకి తీసుకోండి. ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు తోడు వెళ్లండి, అక్కడ మీరు మాట్లాడకుండా ఆవిడను మాట్లాడనివ్వండి. రాత్రి ఆవిడ లేచి ఫ్యాను వేస్తే చలిగా ఉందని విసుక్కోకుండా మీరు దుప్పటి కప్పుకోండి. ఆవిడ దిగులు రోజుల తరబడి వీడకపోయినా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా వయసని వదిలేయకండి. ఆ దశలో కుంగుబాటు ముప్పు ఎక్కువ, దానికి చికిత్స ఉంది.

పాలపిట్ట:

జీవశాస్త్రం బోధిస్తాను కాబట్టి ఒక చిన్న సంగతి. జంతువుల్లో చాలావాటికి ఆడవి బతికి ఉన్నంతకాలం పిల్లల్ని కంటూనే ఉంటాయి. సంతానం ఆగాక దశాబ్దాల పాటు బతికేవి మనుషులు, కొన్ని రకాల తిమింగలాలు. ఓర్కాలనే తిమింగలాల్లో ఆడవి నలభై ప్రాంతంలో కనడం ఆపి, కొన్ని ఎనభై దాకా బతుకుతాయి. వాటి ఆహారమైన సాల్మన్ చేపలు తక్కువగా దొరికిన ఏళ్లలో గుంపుకు ముందు ఈదుతూ దారి చూపింది ఎక్కువగా ఆ పెద్ద ఆడవేనని 2015లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. కనడం ఆగాక ఆడదాని బతుకుకు ప్రకృతిలో చోటు లేదనేవాళ్లకు ఇది చూపించండి.

ఒంటరినడక:

చదవడానికి బాగుంది, పాలపిట్ట గారూ. ఒక్క మాట మాత్రం కలుపుతాను. గుంపుకు ఉపయోగపడినా, పడకపోయినా నా మిగతా ఏళ్లు నావే.

పేరు చెప్పను:

అడగడానికి సిగ్గుగా ఉంది. దాంపత్యం నొప్పిగా మారింది, భయపడి దూరంగా ఉంటున్నాను. ఆయన మరోలా అనుకుంటున్నారు. మూత్రంలో మంట కూడా మాటిమాటికీ వస్తోంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఉదయసంధ్య:

సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఈస్ట్రోజెన్ తగ్గితే యోని పొర పలచబడి పొడిబారుతుంది, మూత్రమార్గం కూడా ప్రభావితమవుతుంది. ఆవిర్లు కాలంతో తగ్గుతాయి గానీ ఇది చికిత్స లేకుండా సాధారణంగా తగ్గదు, పెరుగుతుంది. అక్కడే వాడే ఈస్ట్రోజెన్ క్రీము, బిళ్ల చాలా తక్కువ మోతాదులో ఉంటాయి, రక్తంలోకి చేరేది అతి స్వల్పం. హార్మోను లేని తేమ జెల్‌లు కూడా ఉన్నాయి. మంట వచ్చినప్పుడల్లా సొంతంగా యాంటీబయోటిక్ మింగకుండా మూత్రపరీక్ష చేయించుకోండి. మీ వారికి ఈ టపాయే చదివి వినిపించినా సరే.

వెన్నెలగూడు:

ఇన్నాళ్లూ రాయలేదు, అన్నీ చదువుతూనే ఉన్నాను. ఈలోగా వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాను. తూరుపుగాలి గారి ప్రశ్నే అడిగాను. ఆవిడ నా మొహంలోకి చూసి, పెన్ను పక్కన పెట్టి, మొదటి నుంచి చెప్పమన్నారు. థైరాయిడ్ సరిగానే ఉంది, ఫెరిటిన్ బాగా తక్కువగా ఉంది. ఐరన్ మొదలుపెట్టాను. ఆవిర్లకు పట్టీ రాశారు, ప్రొజెస్టరాన్ రాత్రిపూట వేసుకుంటున్నాను. నిద్ర కొంత దారిలో పడింది. మాట తడబాటు ఇంకా ఉంది, కానీ ఇప్పుడు "ఆ మాట గుర్తు రావడం లేదు, ఆగండి" అని పైకే అనేస్తున్నాను.

బరువులెత్తే వ్యాయామం తప్పనిసరి అన్నారావిడ. పొట్ట దగ్గర కొవ్వు చేరుతోందని తిండి తగ్గించబోతే వద్దన్నారు. జిమ్ము అంటే నాకు బెరుకు. ఎలా మొదలుపెట్టాలి?

పాలపిట్ట:

తిండి విషయంలో ఆవిడ మాట వినండి. 2021లో సైన్స్ పత్రికలో 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా వివరాలతో ఒక అధ్యయనం వచ్చింది. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, శక్తి ఖర్చయ్యే వేగం ఇరవై నుంచి అరవై దాకా దాదాపు నిలకడగానే ఉంటుందని తేలింది. ఈ వయసులో మారేది కొవ్వు చేరే చోటు, తగ్గేది కండ. కడుపు మాడ్చుకుంటే ఉన్న కండ కూడా పోతుంది.

తూరుపుగాలి:

మెనోపాజ్ చుట్టూ ఉండే కొన్నేళ్లలోనే ఎముక వేగంగా తరుగుతుంది, కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టడం మంచి పని. జిమ్ముకు వెళ్లనక్కరలేదు. కుర్చీ మీద కూర్చుని చేతులు ఎదమీద కట్టుకుని లేవండి, మళ్లీ నెమ్మదిగా కూర్చోండి. దబ్బున కూలబడకూడదు, అసలు పని ఆ దిగడంలోనే ఉంది. అది తేలికయ్యాక రెండు చేతుల్లో నీళ్ల సీసాలు పట్టుకుని అదే చేయండి. గోడకు చేతులు ఆనించి దండీలు తీయండి, కొన్నాళ్లకు బల్లకు ఆనించి. వారానికి రెండు మూడు రోజులు చాలు, మధ్యలో విరామం ఇవ్వండి. చివరి రెండుసార్లు లేవడం కష్టంగా అనిపించాలి. సులువుగా అయిపోతుంటే బరువు పెంచాల్సిన సమయం వచ్చిందన్నమాట. మోకాలి లోపల పోటు వస్తే ఆపి కుర్చీ ఎత్తు పెంచుకోండి. చిగురాకమ్మా, నీకూ ఇదే చెబుతున్నాను, డాక్టరును అడిగి మొదలుపెట్టు.

చిగురాకు:

అడిగాను, అక్కా. వచ్చే వారం ఎముకల సాంద్రత పరీక్ష రాశారు. ఫలితం రాగానే ఇక్కడ రాస్తాను.